మధ్యలో మూడక్షరాలు

గోర్న్యా స్కెలా ఊళ్ళో దేవుణ్ణి నమ్మనివాళ్ళు కొందరున్నారు, ప్రభుత్వాన్ని నమ్మనివాళ్ళయితే ఊరు ఊరంతా. రేవు బోర్డును నమ్మనివాడు మాత్రం ఒక్కడూ లేడు. దునవ్ నది ఒడ్డున, జనాన్ని అవతలికి దాటించే పంటు ఆగే చెక్కల వంతెన పక్కన, ఇనప స్తంభం మీద ఎర్ర దీపాల అక్షరాలతో వెలిగే బోర్డు అది. పంటు అవతలి ఒడ్డు నుంచి బయల్దేరితే ‘స్తిజెమో’ అని చూపిస్తుంది, అంటే ‘వస్తున్నాం’ అని. పొగమంచు కమ్మి పంటు కదలకపోతే ‘స్తోయిమో’, ‘ఆగి ఉన్నాం’. అంతే, పంటు సంగతి చెప్పడానికి దానికి తెలిసినవి ఆ రెండే మాటలు. అది చూసి జనం బల్ల మీద కూర్చోవాలో ఇంటికి పోవాలో తేల్చుకునేవారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ బోర్డు ఒక్క అబద్ధమాడలేదు. ఊళ్ళో ఆ ముక్క ఇంకెవరి గురించైనా అనగలరేమో చెప్పండి చూద్దాం.

అలాంటి బోర్డు నవంబరులో ఒక సోమవారం పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ‘వస్తున్నాం’ అంటూనే ఉంది. నది మీద మంచు చూస్తే చెయ్యి చాపితే చెయ్యి కనపడనంత ఉంది. పంటు అవతల బనాత్ ఒడ్డున కట్టు తాళ్ళతో కట్టేసే ఉంది. బల్ల మీద కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు అరగంట చూసి, నాలుగు తిట్లు తిట్టి లేచిపోయారు. కదలకుండా కూర్చున్నది ఒక్కడే, డెబ్బై నాలుగేళ్ళ జివోయిన్ మాస్టారు. ఆ బోర్డును తయారుచేసినవాడు ఆయనే. నాలుగు గంటల పాటు ఆ చలిలో, అవతలి ఒడ్డున ఆటకని తెచ్చుకున్న చదరంగం పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, మంగళవారానికి జ్వరంతో, ఊపిరితిత్తుల్లో నెమ్ముతో మంచం పట్టాడు.

ఇక చూడండి, ఊరు ఊరుకుంటుందా. తప్పెవరిదని అడిగింది. పంటు నడిపే సరంగు తాసా దగ్గర రెండు వైపులకు కదిలే మీట ఒకటుంది. పైకెత్తితే ‘వస్తున్నాం’, కిందికి నొక్కితే ‘ఆగి ఉన్నాం’. రేవుల కమిటీ వాళ్ళు బోర్డు లోపలి దినచర్య తీసి చూశారు. బోర్డు తాను నిమిషనిమిషానికీ ఏ మాట చూపించిందో అందులో రాసుకుంటుంది. నాలుగు గంటల పాటు వరసగా ‘వస్తున్నాం’ అనే ఉంది. అంటే తాసా మీట నొక్కలేదన్నమాట, తాగి పడుకున్నాడో, పట్టించుకోలేదో. విచారణ శుక్రవారం. తేలితే తాసా పందొమ్మిదేళ్ళుగా చేస్తున్న సరంగు పని పోతుంది, మళ్ళీ ఏ రేవులోనూ చుక్కాని పట్టనివ్వరు. పైగా మంచం మీది నుంచే మాస్టారు కమిటీకి వాంగ్మూలం రాసి పెట్టుకున్నాడు. ఆయన చెల్లెలు ల్యూబింకా రొట్టెల కొట్లో చెప్పడంతో దాని సంగతి శుక్రవారానికి ముందే ఊరంతా తెలిసిపోయింది. రెండే రెండు వాక్యాలట. ‘బోర్డు తప్పు చేయదు. తప్పు తాసాది.’

బుధవారం పొద్దున తాసా పాత ఉన్ని మిల్లు పై అంతస్తులో ఉన్న వర్క్‌షాపుకు వచ్చాడు. అది ఒకప్పుడు మాస్టారిది, ఇప్పుడు దేసాంకాది. ఆమెకు నలభై ఆరేళ్ళు. పంతొమ్మిదేళ్ళప్పుడు మాస్టారి దగ్గర టంకం వేయడం నేర్చుకుంది, తర్వాత ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది, ఆయన విశ్రాంతి తీసుకున్నాక పదకొండు రేవుల బోర్డులూ ఆమే చూసుకుంటోంది. తాసా తడిసిన టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె పోసిచ్చిన కాఫీ ముట్టలేదు.

“మీట కిందికే నొక్కాను దేసాంకా. అమ్మతోడు,” అన్నాడు.

మరి దినచర్యలో అలా ఎందుకుందని ఆమె అడిగింది. గట్టిగా అడగలేదు, అడక్క తప్పదు గనక అడిగింది.

“నాకేం తెలుసు. మీరు రాసే రాతలు మీకే తెలియాలి. పంటు కట్టేసుకుని కూర్చుని వస్తున్నామని చెప్పడానికి నాకేమన్నా పిచ్చా? అక్కడ మాస్టారు కూర్చుని ఉన్నాడని తెలిస్తే ఈదుకుంటూనైనా వచ్చి చెప్పేవాణ్ణి.” టోపీని మోకాలి మీద ఒకసారి తిప్పాడు. “ఆయన అలా రాశాడంట గదా. దానికే నాకు బాధ. కమిటీ వాళ్ళదేముంది, వాళ్ళు ఎవరో.”

అతను వెళ్ళాక కాఫీ చల్లారిపోయింది. కిటికీకి అవతల మళ్ళీ మంచు దిగుతోంది. ఈ నెలలో దునవ్ మీద మంచు ఒకసారి దిగిందంటే ఊళ్ళో వీధులు, గడపలు, మనుషుల మాటలు కూడా కాస్త మెత్తబడతాయి. ఆ మెత్తదనంలో దేసాంకా చల్లారిన కాఫీ పక్కకు నెట్టి, వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది. పాత బోర్డుల్లోని చిప్పులు అరిగిపోతే మొన్న ఏప్రిల్లో పదకొండు రేవులకూ కొత్త చిప్పులు బిగించింది తనే. లోపలి ప్రోగ్రాము మాత్రం మాస్టారిదే, ఒక్క అక్షరం ముట్టలేదు. పెద్దవాళ్ళు కట్టిన గోడ కదా, ఎందుకు గీకడం అనుకుంది. ఏప్రిల్ నుంచి మొన్న సోమవారం దాకా నది మీద మంచు పడలేదు. కొత్త చిప్పు వచ్చాక మీట కిందికి నొక్కడం అదే మొదటిసారి.

ఇక్కడ సి భాష సంగతి కాస్త చెప్పాలి, చెప్పకపోతే ఈ కథ నడవదు. మాస్టారు ప్రోగ్రాము రాసింది సి భాషలో. అందులో ఏదైనా మాటను కొటేషన్ల మధ్య రాస్తే, యంత్రం దాన్ని మెమొరీలో ఒకచోట గడికొక అక్షరం చొప్పున పరుస్తుంది. చివర ఒక గడిలో సున్నా పెడుతుంది, మాట ఇక్కడితో అయిపోయిందని చెప్పడానికి. తర్వాత ప్రోగ్రాము ఆ మాటను చేతుల్లో మోసుకు తిరగదు. అది ఎక్కడుందో చూపించే వేలొకటి పెట్టుకుంటుంది. ఆ వేలినే పాయింటర్ అంటారు. అలా కొటేషన్ల మధ్య పరిచిన మాటను మార్చకూడదని ఆ భాష నియమం. సరే, ఎవడైనా మారుస్తానంటే మరి? కంపైలర్ అనే తనిఖీదారు ప్రోగ్రామంతా చదువుతుంది గానీ, ఈ ఒక్క విషయంలో కిక్కురుమనదు. పాతకాలం వాళ్ళు అలా రాసి అలవాటు పడ్డారని వాళ్ళ మీది మర్యాద. పెద్దవాళ్ళ మీద మర్యాద ఎక్కువైతే ఇంట్లో ఏమవుతుందో, అక్కడా అదే అవుతుంది.

నోరు విప్పి చెప్పమని గట్టిగా అడిగితే మాత్రం చెబుతుంది. దేసాంకా ఏప్రిల్లో అడిగింది కూడా. రెండు వందల పద్నాలుగు హెచ్చరికలు తెర నిండా కురిశాయి. పదకొండు రేవులు, చేతిలో నాలుగు రోజులు. ఇవన్నీ మాస్టారి పాత అలవాట్లే, ఇన్నేళ్ళు నడిచినవి ఇప్పుడేం కొంపలంటుకుంటాయి అనుకుని, తనిఖీదారు నోరు మళ్ళీ మూయించింది. ఆ పని చేసిన వేలు ఏదో కూడా ఆమెకు గుర్తుంది, కుడి చేతి ఉంగరపు వేలు.

తలుపు గడియ పెట్టుకుని మళ్ళీ నోరు విప్పమంది. రెండు వందల పద్నాలుగూ వచ్చి నిలబడ్డాయి. ఇంక ఒక్కొక్కటే మొదలుపెట్టింది. ప్రతి వేలి ముందూ ‘కాన్‌స్ట్’ అని రాసుకుంటూ పోవాలి. కాన్‌స్ట్ అంటే, ఈ వేలు చూపిస్తుందే గానీ ముట్టుకోదు అని ముందే ఇచ్చే మాట. అది అంటుజాడ్యం లాంటి మాట. ఒకచోట ఇస్తే, ఆ వేలిని అందుకునే పక్కవాడు కూడా ముట్టనని మాటివ్వాలి, వాడి దగ్గర అందుకునేవాడూ ఇవ్వాలి. ఎవడైనా ఇవ్వలేకపోతే తనిఖీదారు వాడి గుమ్మం ముందు ఆగి చెయ్యెత్తుతుంది.

కిటికీ సందుల్లోంచి మంచు గదిలోకి వచ్చింది. తెర వెలుగు ఆ మంచులో పరుచుకుని, ఎక్కడ తెర అయిపోయి ఎక్కడ గది మొదలైందో తెలియకుండా పోయింది. దేసాంకా ఒక వీధిలో నడుస్తోంది. అన్నీ ఒకే ఎత్తు ఇళ్ళు, అన్నిటికీ నంబర్లు, ఇంటికొక అక్షరం కూర్చుని ఉంది. ప్రతి సందు చివరా ఒక సున్నా, పొద్దుపోయాక కాపలావాడిలా గుమ్మంలో ముడుచుకుని ఉంది. ఆమె ఒక్కో సందు ముందూ ఆగి, ముట్టనమ్మా, చూసి పోతాను అని చెబుతోంది. ‘రేవు’ అన్న మాట తలూపింది. ‘బనాత్’ తలూపింది. ‘జాగ్రత్తగా ఎక్కండి’ అనే పొడుగు సందు ఆవలిస్తూ తలూపింది. ఈ మాటలన్నీ మాస్టారు, దేశం మీద ఆంక్షలు పెట్టి బయటి సరుకేదీ రానివ్వని రోజుల్లో రాసినవి. హంగరీ నుంచి ఎవడో మేజోడులో దాచి తెచ్చిన చిప్పు అది, మొత్తం నూట ఇరవై ఎనిమిది గళ్ళ మెమొరీ. ఆ గళ్ళలో ఆయన ఒక్కో అక్షరాన్నీ కరువు రోజుల్లో పిండి వాడినట్టు వాడుకున్నాడు. ఆ మంచు వీధిలో నడుస్తుంటే తనకు పని నేర్పిన రోజుల్లోని ఆయన గొంతు వినిపించింది, గడి పారేయకు అమ్మాయ్, గడి పారేస్తే మళ్ళీ రాదు అని. ఆ గొంతు మీద ఆమెకు ఎంత ప్రేముందో ఆ క్షణంలోనే తెలిసింది, తెలిసి భయం వేసింది.

రెండు వందల పదమూడు గుమ్మాలు తలూపాయి. చివరిది ఊపలేదు.

‘స్తిజెమో’ అనే మాట ఉన్న సందు అది. ఆ ఊరివాళ్ళ లిపిలో అక్షరాలు మనవాటిలా గుత్తులు కట్టవు, విడివిడిగా కూర్చుంటాయి. ‘వస్తున్నాం’ అనడానికి ఏడక్షరాలు, ‘ఆగి ఉన్నాం’ అనడానికీ ఏడే. రెండిటికీ మొదటి రెండూ ఒకటే, చివరి రెండూ ఒకటే. తేడా మధ్యలో మూడే. మాస్టారు రెండు మాటలు ఎందుకు దండగ అనుకున్నాడు. ఒక్క ‘వస్తున్నాం’ పరిచి పెట్టి, మంచు పడి సరంగు మీట కిందికి నొక్కినప్పుడు మధ్యలో మూడక్షరాలు తుడిచి వేరే మూడు రాసేలా పెట్టాడు. మంచు విడిచాక మళ్ళీ తుడిచి పాతవి రాసేలా పెట్టాడు. ఎనిమిది గళ్ళు మిగుల్చుకున్నాడు. నిజం చెప్పొద్దూ, అంత ముచ్చటైన పనితనం చూసి దేసాంకాకు ఆ స్థితిలోనూ నవ్వొచ్చింది.

పాత చిప్పు ఆ మాటలను పలక మీద పరిచేది, తుడిస్తే తుడుపు పడేది. కొత్త చిప్పు రాతి మీద చెక్కుతుంది. తుడవబోతే అది కోప్పడదు, పడిపోదు, అసలు ఏమీ అనదు, ఊరికే మారదు. వర్క్‌షాపులో ఉన్న బోర్డుకు మీట తగిలించి ఆమె కిందికి నొక్కింది. ‘వస్తున్నాం’. మళ్ళీ నొక్కింది. ‘వస్తున్నాం’. దినచర్య కూడా అదే గళ్ళలోంచి చూసి రాసుకుంటుంది కనక అందులోనూ అదే. తాసా నాలుగు గంటలు మీట కిందికి నొక్కి ఉంచి అవతలి ఒడ్డున నిశ్చింతగా కూర్చున్నాడు. ఇవతలి ఒడ్డున రాయి వస్తున్నాం, వస్తున్నాం అంటూనే ఉంది.

బాగుచేయడానికి పావుగంట పట్టలేదు. రెండు మాటలూ వేర్వేరుగా పరిచింది, రెండిటి ముందూ ముట్టనని మాట రాసింది. మీట నొక్కినప్పుడు మాటను మార్చక్కర్లేదు, వేలిని ఇటు నుంచి అటు తిప్పితే చాలు. సాయంత్రం వెలుతురు పోకముందే రేవుకు వెళ్ళి స్తంభమెక్కి బోర్డులో కొత్త ప్రోగ్రాము ఎక్కించి దిగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, కానీ పట్టుకోవాలి కదా. ఇంటికి నడుస్తుంటే ఒక ఊహ పిల్లిలా వెంట వచ్చింది. ఇంతటితో అయిపోయినట్టే. ఎవరికీ తెలియదు. చెబితే పదకొండు రేవుల పనీ పోవచ్చు. చెప్పకపోతే పోయేది తాసా ఒక్కడి పని. ఆ ఊహను ఆమె ఛీ అనలేదు. అనాలనుకుంది, నోరు రాలేదు. ఆ సిగ్గుతోనే నిద్రపోయింది.

గురువారం మధ్యాహ్నం మాస్టారింటికి వెళ్ళింది. ల్యూబింకా గడప దగ్గరే అతిథి మర్యాదగా చెంచాడు చెర్రీ పాకం, గ్లాసుడు నీళ్ళు చేతిలో పెట్టి, అన్నయ్య జ్వరానికి కాచిన లిండెన్ పూల టీ తాగడం లేదు, నీ మాటైనా వింటాడేమో చూడమంది. ఆసుపత్రిలో చేరమంటే, అక్కడి కిటికీలోంచి నది కనపడదని పేచీ పెట్టాడట. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి, డాక్టరు మాట వింటాడా. మంచం కిటికీ పక్కనే వేయించుకున్నాడు. దూరంగా మంచులో ఎర్రటి అక్షరాలు తేలుతున్నాయి. తాసాను పక్కన పెట్టారు కనక పంటు కట్టేసే ఉంది, మీట కిందికి నొక్కే ఉంది.

“వచ్చావా దేసా. ఆ కిటికీలోంచి చూసి చెప్పు, బోర్డు ఏమంటోంది?” అన్నాడు. గొంతులో పిల్లికూతలు.

“ఆగి ఉన్నామంటోంది మాస్టారూ.”

“మంచు పడుతోంది, పంటు ఆగి ఉంది, బోర్డు ఆగి ఉన్నామంటోంది. మరి? సోమవారం ఒక మాట, గురువారం ఒక మాట చెప్పడానికి బోర్డేమన్నా ఎన్నికల్లో నిలబడిందా? మీట నొక్కితే చెబుతుంది, నొక్కకపోతే చెప్పదు. ఇంకేం కావాలి మీ కమిటీకి.”

ఇదిగో, ఇక్కడే. ఆమె చేసిన మరమ్మతే తాసా మెడకు ఉరి అయింది. చెంచాలో పాకం నోట్లో పెట్టుకుని ఊరుకుంటే చాలు, శుక్రవారం దానంతటది గడిచిపోతుంది. మాస్టారి పరువు నిలుస్తుంది, తన పని నిలుస్తుంది. దేసాంకా చెంచా పళ్ళెంలో పెట్టేసింది.

“నిన్న సాయంత్రం నేను మార్చాను మాస్టారూ. అందుకే ఇవాళ సరిగ్గా చెబుతోంది. సోమవారం తాసా మీట నొక్కే ఉన్నాడు.”

సంచిలోంచి అచ్చు కాగితం తీసి ఆ ఒక్క వరస కింద గోటితో గీసి ఇచ్చింది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని దాన్ని చూశాడు. పాత స్నేహితుణ్ణి సంతలో చూసినట్టు ముఖం విప్పారింది.

“ఇది నేను రాసిందే. మంచి వాక్యం. ఎనిమిది గళ్ళు మిగిలాయి దీనితో.”

మంచి వాక్యమేనని ఆమె ఒప్పుకుంది. పాత చిప్పు మీద మంచిదే. కొత్తది రాయి మాస్టారూ, దాని మీద తుడుపు పడదు అని, పలక సంగతి, రాయి సంగతి, నిన్న మీట నొక్కితే జరిగిన సంగతి, మాట మార్చకుండా తాను వేలు తిప్పిన సంగతి, ఒకటొకటిగా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన కిటికీలోంచే చూస్తున్నాడు. అయ్యాక కాగితం మడిచి దుప్పటి మీద పెట్టాడు. తర్వాత, కంపైలర్ చెప్పలేదా అని అడిగాడు.

“చెప్పింది. నేనే నోరు నొక్కాను. రెండు వందల పద్నాలుగు సార్లు చెబితే, మీవన్నీ పాత అలవాట్లని నోరు నొక్కాను.” ఆమెకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. “మీకు మంచు కనపడలేదా మాస్టారూ? నాలుగు గంటలు. లేచి ఇంటికి రావచ్చు కదా.”

“కనపడింది. బోర్డు కూడా కనపడింది.” దుప్పటి మీద చేతులు సర్దుకున్నాడు. “మంచును నేను చేయలేదు. బోర్డును నేను చేశాను. లేచి పోతే ఏమన్నట్టు?”

తన మాటను తానే నమ్మి నాలుగు గంటలు చలిలో కూర్చున్న మనిషిని తిట్టాలో, కాళ్ళకు దణ్ణం పెట్టాలో తెలియక కన్నీళ్ళు తుడుచుకుంది. టీ కప్పు అందించింది. ఆయన ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

శుక్రవారం కమిటీలో ఇదంతా తానే చెబుతానని, కానీ దినచర్యలో ఉన్నది ఒకటి, మాస్టారు రాసి పెట్టింది ఒకటి, ఆ రెండిటి ముందు తన మాట నిలవదని, వాంగ్మూలం మార్చి రాయమని అడిగింది. వెంటనే ఆయన గడ్డం పైకి లేచింది. ఆమె భయపడిందే అయింది.

“ముట్టావా, కదిపావు,” అన్నాడు. చదరంగం బల్ల దగ్గర ఇక్కడివాళ్ళందరూ అనే మాట అది. చెయ్యి తగిలిన పావును కదపాల్సిందే, వెనక్కి లేదు. “రాసింది రాసిందే. యాభై ఏళ్ళుగా ఆడుతున్నాను, ఒక్క ఎత్తు వెనక్కి తీసుకోలేదు.”

“తాసా సోమవారం సోమవారం మీ చెయ్యి పట్టుకుని పంటు ఎక్కే చెక్క దాటించేవాడు మాస్టారూ. అవతల మీ ఆట అయ్యేదాకా మిమ్మల్ని ఎక్కించుకోకుండా పంటు తిప్పేవాడు కాదు.” గొంతు పెంచకుండానే అంది. “నిన్న నా దగ్గరికొచ్చాడు. పని పోతుందని కాదు బాధ, మీరు రాశారని బాధ అన్నాడు.”

బయట ఎవరో నడిచిపోతున్న చప్పుడు మంచులో మెత్తగా వినిపించి ఆగిపోయింది. ముసలాయన ఊపిరి గురగురలాడుతోంది. చివరికి దిండు కింద చెయ్యి పెట్టి నాలుగు మడతల కాగితం తీశాడు. పెన్సిల్ కావాలన్నాడు. ఆయన ఎప్పుడూ పెన్సిల్‌తోనే రాస్తాడు. పెన్ను పొగరుబోతుదట, తప్పొప్పుకోదట. ఆమె కొత్త కాగితం కూడా ఇవ్వబోతే వద్దన్నాడు.

“కాగితం దండగ. ఉన్నదాంట్లోనే సరిపోతుంది.”

చదరంగం పెట్టెను ఒళ్ళో బల్లలా పెట్టుకుని కాగితం పరిచాడు. ‘బోర్డు తప్పు చేయదు’ అన్న మొదటి వాక్యాన్ని వేలితో తడిమి వదిలేశాడు. రెండో వాక్యం చివర తాసా పేరు దగ్గర ఆగాడు. వాళ్ళ లిపిలో ఆ పేరు నాలుగక్షరాలు. పెన్సిల్ వెనకున్న రబ్బరుతో మొదటి మూడూ జాగ్రత్తగా తుడిచాడు, పొట్టు ఊదేశాడు. ఆ ఖాళీలో వేరే మూడు రాశాడు. చివరి అక్షరం అలాగే ఉంది, దానికి మార్పు అక్కర్లేకపోయింది. పక్కన చిన్నగా సంతకం పెట్టి కాగితం ఆమె వైపు తిప్పాడు.

‘బోర్డు తప్పు చేయదు. తప్పు జీకాది.’

జీకా ఎవరో తెలుసుకోవడానికి దేసాంకాకు ఒక క్షణం పట్టింది. మాస్టారిని ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఊళ్ళో ఇప్పుడు ఎవరూ మిగల్లేదు. జివోయిన్‌ను చిన్నప్పుడు తల్లి, బళ్ళో స్నేహితులు అలా పిలిచేవారు. అవతలి ఒడ్డున చదరంగం ఆడే ముసలాయన ఒక్కడు ఇంకా అలా పిలుస్తాడు.

“నువ్వు వేలు తిప్పావు, నేను అక్షరాలు మార్చాను. ఎవరి పద్ధతి వారిది,” అన్నాడు మాస్టారు.

“తప్పు నాది కూడా మాస్టారూ. సగం నాది. నా పేరు కూడా రాయండి అందులో.”

ఆయన కళ్ళద్దాల మీది నుంచి చూశాడు, పంతొమ్మిదేళ్ళ పిల్ల టంకం కడ్డీ తలకిందులుగా పట్టుకుంటే చూసినట్టు.

“నీ పేరు ఏడక్షరాలు. నాలుగు గళ్ళ జాగాలో ఏడు రాస్తే ఏమవుతుంది? మిగతా మూడూ పోయి పక్కవాడి మీద పడతాయి. ఇన్నేళ్ళు నేర్పింది ఇదేనా.” దగ్గు వచ్చి ఆగాడు. దగ్గు తగ్గాక గొంతు తగ్గించి అన్నాడు. “నీది నువ్వు వేరే కాగితం మీద రాసుకో. నీ జాగా నువ్వు తీసుకో.”

ఆమె కొత్త కాగితం తీసి, ఆయన మంచం పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, దుప్పటి అంచు మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. ఏప్రిల్ సంగతి, రెండు వందల పద్నాలుగు సంగతి, ఉంగరపు వేలి సంగతి, అన్నీ రాసింది. పదకొండు రేవులూ పోతే పోనీ అనుకుంది. అనుకున్నాక ఆశ్చర్యంగా ఊపిరి తేలిగ్గా ఆడింది. చివర పేరు రాసే దగ్గరికి వచ్చేసరికి మాస్టారు కళ్ళు మూసుకునే ఉన్నాడు. నిద్రపోయాడనుకుంది.

“ఎన్ని గళ్ళు కావాలి?” అని అడిగాడు కళ్ళు తెరవకుండానే.

“ఎనిమిది మాస్టారూ. చివర సున్నా.”

“ఊఁ,” అన్నాడు.

కిటికీ అవతల, మంచులో, ఒకావిడ బుట్ట పట్టుకుని రేవుకు వచ్చింది. తలెత్తి బోర్డు చదివింది. బల్ల మీద కూర్చోకుండా, బుట్ట చెయ్యి మార్చుకుని ఇంటిదారి పట్టింది.